పోటీ పరీక్షల ప్రత్యేకం: మాతృభాషలో చదువు – వివక్షా నిషేధము

బెంగళూరు కాటన్‌పేటలో ఇంట తెలుగును, వీథిలో కన్నడమును మాటాడు కుటుంబముల బిడ్డలు ఏ భాషలో చదువవలెనను ప్రశ్న కేవలము గృహవిషయము గాదు. రాజ్యాంగపు 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకులకు తమ భాషను కాపాడుకొనుటకును, విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనుటకును హక్కు నొసఁగఁగా, 1956 నాటి ఏడవ సవరణముతోఁ జేరిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించుచున్నది. అయినను మాతృభాష యేదో నిర్ణయించువా రెవరు? కర్ణాటక బోధనామాధ్యమ వ్యాజ్యమున 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఆ నిర్ణయము తల్లిదండ్రులదే యనియు, ప్రభుత్వము మాధ్యమమును బలవంతముగా రుద్దరాదనియుఁ దీర్పు చెప్పెను.

ఐరోపాలోను ఇట్టి వివాదమే రేఁగినది. 1950 నవంబరు 4న రోములో సంతకములైన మానవహక్కుల ఒడంబడికలోని 14వ అధికరణము వివక్షను నిషేధించుచున్నది. బ్రస్సెల్స్ పరిసరములందలి ఆఱు కమ్యూనులలో, తల్లిదండ్రుల నివాసమును బట్టి కొందఱు పిల్లలకు ఫ్రెంచి బడుల తలుపులు మూయుట వివక్షయే యని 1968 జూలై 23న స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నిర్ణయించెను. కాని కోరిన భాషలోనే ప్రభుత్వము చదువు చెప్పింపవలెనను వాదమును మాత్ర మంగీకరింపలేదు. ఈ రెండవ భాగమే మిక్కిలి విచారణీయము. అభ్యర్థులు తఱచు పొరపడు విషయ మొకటి కలదు: ఈ న్యాయస్థానము ఐరోపా మండలికిఁ జెందినది, ఐరోపా సమాఖ్యవారి ప్రాథమిక హక్కుల సంస్థ 2007లో వియన్నాలో వేఱుగ నేర్పడినది.