35 వస్తే పాసా, ఫెయిలా? మీ పిల్లల జావా ప్రోగ్రాంను అడగండి



ఐసీఎస్‌ఈ 9, 10 తరగతుల్లో కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకున్న పిల్లలు జావా నేర్చుకుంటారు. "ప్రోగ్రాం రన్ అయింది డాడీ" అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి చూపిస్తే మనకూ సంతోషమే. అయితే రన్ అవడం వేరు, సరైన జవాబు ఇవ్వడం వేరు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. మీ అమ్మాయి 'రిజల్ట్' అనే క్లాస్ రాసిందనుకోండి. (ఇది చదువుకునే క్లాసు కాదు, కొంత సమాచారాన్ని, దానితో చేసే పనులను కలిపి రాసిన ప్రోగ్రాం భాగం.) మార్కులు ఇస్తే అది పాసో ఫెయిలో చెబుతుంది. పాస్ మార్కు 35. తను 80 ఇచ్చి చూసింది, పాస్. 20 ఇచ్చింది, ఫెయిల్. అంతా బాగానే ఉందనుకుంది. సరిగ్గా 35 ఇస్తే? ఫెయిల్ అని వచ్చింది! 'మార్కులు >= 35' అని రాయాల్సిన చోట 'మార్కులు > 35' అని రాసింది. ఒక్క గుర్తు తేడా. మన ఇళ్లలో ఆ 35 విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి పరీక్షలను ఒకసారి రాసి దాచుకుని, ప్రోగ్రాం మార్చినప్పుడల్లా మళ్లీ నడపడమే యూనిట్ టెస్టింగ్. జావాలో దీనికి వాడే జేయూనిట్‌ను కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో ఒక విమాన ప్రయాణంలో మొదలుపెట్టారు. పిల్లలు వాడే బ్లూజేలోనూ అది ఉంది. 'అసర్ట్ ఈక్వల్స్' అనే ఆజ్ఞకు ముందు రావలసిన జవాబు, తర్వాత ప్రోగ్రాం ఇచ్చే జవాబు ఇస్తారు. రెండూ కలిస్తే ఆకుపచ్చ, కలవకపోతే ఎరుపు.

ఎరుపు వచ్చినప్పుడు కొందరు పిల్లలు ప్రోగ్రాంను వదిలేసి, టెస్ట్‌లో రాసుకున్న జవాబునే మార్చేస్తారు. జవాబు పత్రానికి తగ్గట్టు 'కీ' దిద్దినట్టన్నమాట. ఇంట్లో ఇది కనిపిస్తే కోప్పడకండి, "ముందు ఆ జవాబు ఎందుకు రాశావు?" అని అడగండి చాలు.

ఇంకో చిక్కు ఉంది. 34, 35, 35 మార్కుల సగటు ఎంత? మొత్తం 104, మూడుతో భాగిస్తే దాదాపు 34.67. కానీ జావాలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం తర్వాతి భాగం పోయి 34 మిగులుతుంది. ఫెయిల్! దగ్గరి అంకెకు సవరిస్తే 35, పాస్. ఏది సరి? ఆ నియమాన్ని మనుషులే ముందు తేల్చాలి, కంప్యూటర్ తేల్చదు. టెస్ట్ రాయడానికి కూర్చుంటేనే ఈ ప్రశ్న బయటపడుతుంది.

ఈ వారం మీరు చేయగలిగిన పని ఒకటుంది, దీనికి మీకు జావా రానక్కర్లేదు. ప్రోగ్రాం నడపకముందే ఒక కాగితం మీద 0, 34, 35, 100, 101, -5 అని రాసి, ఒక్కోదానికి ఏ జవాబు రావాలో మీ అబ్బాయినో అమ్మాయినో రాయమనండి. 101 దగ్గర, -5 దగ్గర తప్పకుండా ఆగుతారు. తొందరపెట్టకండి. ఆ కాగితాన్ని ల్యాబ్ పీరియడ్ ఉన్న రోజు బ్యాగులో పెట్టి పంపండి.