శిఖరం దాకా చుట్టుదారి – నేను నేర్చుకున్న పాఠం

 

మొన్న సంక్రాంతి సెలవుల్లో మన వ్యాయామ మాస్టారితో కలిసి నేనూ, తొమ్మిదో తరగతి తమ్ముడూ హిమాలయాలకు వెళ్లి వచ్చిన సంగతి మీ అందరికీ తెలిసిందే. వచ్చిన మర్నాడు ప్రార్థన దగ్గర మమ్మల్నిద్దర్నీ ముందుకు పిలిచి ‘వీళ్లు కేదార్‌కంఠ శిఖరం ఎక్కి వచ్చారు’ అని చెప్పారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని నిలబడ్డాను గాని నోరు తెరవలేదు.

నిజం ఏమిటంటే, శిఖరం ఎక్కింది తమ్ముడే. నేను ఎక్కలేదు. మధ్యలోంచి దిగిపోయాను. ఈ మాట మాస్టారితో చెప్పుకుంటే, ‘ఎందుకు దిగావో కూడా రాయరా, అందరికీ పాఠం అవుతుంది’ అన్నారు. అందుకే ఈ వ్యాసం.

1. ఆ కొండ ఎక్కడుంది?

కేదార్‌కంఠ ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. ఎత్తు సుమారు 3,810 మీటర్లు. విశాఖ నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి డెహ్రాడూన్‌కు రైల్లో వెళ్లాం. డెహ్రాడూన్ నుంచి జీపులో ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీ అనే ఊరు చేరాలి. సుమారు 200 కిలోమీటర్లే గాని మలుపుల దారి కాబట్టి పగలంతా పట్టింది. దారిలో నైట్వార్ దగ్గర రూపిన్, సూపిన్ అనే రెండు నదులు కలిసి టోన్స్ నది అవుతాయి. ఆ టోన్స్ వెళ్లి యమునలో కలుస్తుంది. భూగోళంలో చదివిన యమునకు నీళ్లెక్కడివో అక్కడ కళ్లారా చూశాను.

సాంక్రీ ఊరే 1,950 మీటర్ల ఎత్తులో ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైనది మన మన్యంలోని జిందగడ కొండ. దాని ఎత్తు 1,690 మీటర్లు. అంటే మన అతిపెద్ద కొండ కొసకన్నా అక్కడి వాళ్ల ఇళ్లే ఎత్తులో ఉన్నాయన్నమాట!

ఆ జిల్లాకు ఇంకో గొప్ప ఉంది. 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ పుట్టింది ఉత్తరకాశీ జిల్లాలోనే. మనలాగే గురుకులంలో చదువుకున్న గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్లు ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, ఆ తర్వాతే పెద్ద కొండకు వెళ్లారు.

2. చుట్టుదారి అంటే ఏమిటి?

మన ఊళ్లలో కట్టెలకో, అడ్డాకులకో కొండెక్కితే ఎక్కిన దారినే దిగుతాం. ఇక్కడ అలా కాదు. బయల్దేరిన ఊరికే మళ్లీ వస్తాం గాని వేరే పక్క నుంచి వస్తాం. మేము నడవాల్సిన దారి ఇది:

మొదటి రోజు – సాంక్రీ నుంచి జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గరికి (2,770 మీటర్లు).
రెండో రోజు – అక్కడి నుంచి బేస్ క్యాంపుకు (3,430 మీటర్లు).
మూడో రోజు – తెల్లారకముందే శిఖరం (3,810 మీటర్లు), మళ్లీ బేస్ క్యాంపు, అక్కడి నుంచి ఇంకో పక్కగా దిగి హర్‌గావ్ (2,700 మీటర్లు).
నాలుగో రోజు – హర్‌గావ్ నుంచి సాంక్రీ.

మొత్తం కలిపి 20 కిలోమీటర్ల చిల్లర. ‘ఇంతేనా! మేము సంతకు వెళ్లి రావడమే అంత ఉంటుంది’ అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. కొండను కిలోమీటర్లతో కొలవకూడదు. ఎత్తుతోనూ, గాలితోనూ, చలితోనూ కొలవాలి.

3. ఎత్తుకు పోతే ఏం మారుతుంది?

(అ) గాలి: పైన ఆక్సిజన్ శాతం తగ్గుతుందని నేను పరీక్షలో రాసేవాణ్ణి. అది తప్పు. శాతం ఎక్కడైనా 21 దగ్గరే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. మనం ఉన్న పాడేరు ప్రాంతం సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో నూటికి 90 వంతులు ఉంటుంది. కేదార్‌కంఠ మీద అది నూటికి 63 వంతులే. అంటే ఒక్కొక్క ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ లెక్కనే తగ్గిపోతుంది.

(ఆ) చలి: ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. లెక్క చేద్దాం. సాంక్రీ నుంచి శిఖరానికి 3,810 – 1,950 = 1,860 మీటర్లు. 1.86 × 6.5 = సుమారు 12 డిగ్రీలు. సాంక్రీలో 2 డిగ్రీలుంటే శిఖరం మీద మైనస్ 10 అన్నమాట. గాలి వీస్తే ఇంకా కొరుకుతుంది. మన లంబసింగి చలి దీని ముందు ఎందుకూ చాలదు.

(ఇ) చెట్లు: కింద దేవదారు, పైన్ చెట్లు ఆకాశాన్ని తాకుతున్నట్టు ఉంటాయి. ఎక్కేకొద్దీ పలచబడి, ఒకచోట చెట్టన్నదే ఉండదు. దీన్ని వృక్షరేఖ అంటారు. చెట్టు ఎదిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలకు పడిపోయే చోట చెట్లు ఆగిపోతాయి. దానిపైన గడ్డి, పొట్టి మొక్కలే. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల పేరు మీద ఇలాంటి మేరను ఆల్పైన్ మండలం అంటారు. మేము వెళ్లినప్పుడు గడ్డి కూడా కనిపించలేదు, అంతా మంచే.

(ఈ) వంట: ఒత్తిడి తక్కువైతే నీళ్లు త్వరగా మరుగుతాయి. బేస్ క్యాంపు దగ్గర సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. నీళ్లు తెర్లుతుంటాయి గాని పప్పు ఉడకదు. అందుకే అక్కడ కుక్కరు తప్పనిసరి.

4. నా విషయంలో ఏం జరిగింది

రెండో రోజు సాయంత్రం బేస్ క్యాంపులో నాకు తలనొప్పి మొదలైంది. అన్నం సయించలేదు. గైడు భాయి ఆ లోయ మనిషే. డేరా డేరాకూ తిరిగి ఒక్కొక్కర్నీ ‘సర్ మే దర్ద్ హై క్యా?’ అని అడిగాడు. నేను ‘నహీ భయ్యా’ అనేశాను.

ఎందుకు అబద్ధమాడానంటే, బయల్దేరే ముందు మా అవ్వ ఊరంతా తిరిగి, మా మనవడు మంచుకొండ ఎక్కుతాడని చెప్పుకుంది. తలనొప్పి అంటే ఆపేస్తారు. ఆపేస్తే ఏ ముఖంతో ఊరెళ్లాలి? అదీ నా భయం.

తెల్లవారుజామున 3 గంటలకు లేపారు. బూట్లకు ఇనుప ముళ్ల గొలుసులు తగిలించుకుని, తలకు లైటు కట్టుకుని వరసగా బయల్దేరాం. గంట నడిచామో లేదో నాకు వాంతి అయింది. తల పగిలిపోతోంది. గైడు భాయి దగ్గరికొచ్చి మంచులో కర్రతో ఒక గీత గీసి, మడమకు వేలు తగిలేలా దాని మీద నడవమన్నాడు. ఎలాగో నడిచాను. ఆ నడక తూలి ఉంటే మెదడుకు వాపు మొదలైందేమోనని అనుమానించాలట. అది ప్రాణాల మీదికొచ్చే స్థితి.

‘రాత్రి నొప్పి ఉందా?’ అని మాస్టారు అడిగారు. అప్పుడు ఒప్పుకున్నాను. ‘మాస్టారూ, ఇంక కొంచెమే కదా, ఎక్కేస్తాను’ అని బతిమాలాను. ఆయన తిట్టలేదు. ‘ఒరేయ్, రేపు మీ అవ్వకు జవాబు చెప్పుకోవాల్సింది నేను. దిగు’ అన్నారు. అంతే. రెండో గైడు నన్ను తీసుకుని బేస్ క్యాంపు మీదుగా నేరుగా హర్‌గావ్‌కు దింపేశాడు. దిగేకొద్దీ తల తేలికైంది. మధ్యాహ్నానికి ఆకలి కూడా వేసింది. ఏ మందుకూ తగ్గని నొప్పి 700 మీటర్లు దిగితే తగ్గింది!

మధ్యాహ్నం దాటాక తమ్ముడు దిగి వచ్చాడు. శిఖరం మీద త్రిశూలం పాతి ఉందని, సూర్యుడు పొడుస్తుంటే స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు ఎర్రగా వెలిగాయని చెప్పాడు. నా ముఖం చూసి, ‘అన్నా, ఇద్దరం ఎక్కామనే చెబుదాం’ అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు. తప్పు ఒప్పుకున్న నాదే.

5. గుర్తుంచుకోవలసిన నియమాలు

1) ఎత్తు ప్రదేశంలో తలనొప్పికి తోడు వాంతి, కళ్లు తిరగడం, ఆకలి లేకపోవడం, నీరసం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. వెంటనే చెప్పాలి.
2) లక్షణాలుంటే ఇంక ఎక్కకూడదు. పెరుగుతుంటే దిగిపోవాలి, రాత్రయినా సరే. కూర్చున్నా ఆయాసం, దగ్గు, తూలుడు, మతి తప్పిన మాటలు ఉంటే క్షణం ఆగకూడదు.
3) 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మేము రెండో రోజు 2,770 నుంచి 3,430కి, అంటే 660 మీటర్లు ఎక్కి పడుకున్నాం. అందరికీ పడలేదని కాదు, నాకు పడలేదు. ఇది బలానికి సంబంధించింది కాదు. పరుగు పందెంలో నేను తమ్ముడి కంటే ముందుంటానని మీకు తెలుసు.
4) నూలు బట్ట చెమటకు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనేది ఉన్నిదో, త్వరగా ఆరేదో అయి ఉండాలి. ఒక్క మందపాటి కోటు కంటే మూడు పొరలు మేలు.
5) మంచు మీద ఎండ తిరగబడి కళ్లలో కొడుతుంది. నల్ల కళ్లద్దాలు సోకు కోసం కాదు, కళ్ల కోసం.
6) నిదానమే ప్రధానం. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం.

6. ఇది మనకెందుకు?

మనలో అందరూ హిమాలయాలకు వెళ్లకపోవచ్చు. కాని మన హాస్టల్లో జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని దాచేవాళ్లు ఎంతమంది లేరు? సూది వేస్తారని కొందరు, ఆటలపోటీ పోతుందని కొందరు, ఇంటికి పంపేస్తారని కొందరు. మన ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియా అనుకుని రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒక్క రోజు దాచినా ఎంత ముప్పో మాస్టార్లు చెబుతూనే ఉన్నారు. కొండ మీద నేను చేసిందీ, దుప్పటి కింద మనం చేసేదీ ఒకటే తప్పు.

వచ్చే ఏడు మీలో ఎవరినైనా ఆ కొండకు ఎంపిక చేయవచ్చు. ‘అన్న ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కేశాడు’ అనుకుని మీరూ తలనొప్పి దాస్తే ఆ పాపం నాది. అందుకే ఆ చప్పట్లలో నా వాటా తమ్ముడికి ఇచ్చేస్తున్నాను. పండక్కి వెళ్లలేకపోయాను గనుక మా అవ్వకు ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం ఇంటికి వెళ్లి చెబుతాను.

ఈ వ్యాసం పక్కన అంటించిన పటం తమ్ముడు గీసిందే. దారి మొత్తం పచ్చ సిరాతో వేశాడు. బేస్ క్యాంపుకూ శిఖరానికీ మధ్య ఎర్ర చుక్క ఒకటి ఉంది చూడండి. అది వాడు వేయనన్నాడు. నేనే పెట్టాను. నేను ఆగిపోయిన చోటు అదే.

ఆలోచించండి:
1. శిఖరం మీద ఆక్సిజన్ శాతం తగ్గుతుందా, ఒత్తిడి తగ్గుతుందా?
2. మన జిందగడ కొస మీద ఉష్ణోగ్రత 14 డిగ్రీలుంటే, అదే లెక్కన 3,690 మీటర్ల ఎత్తున ఎంత ఉంటుంది?
(జవాబులు వచ్చే సంచికలో)

– 10వ తరగతి విద్యార్థి