విందుపంక్తిలో గోధుమ పడనివారు

పాతబస్తీలో విందు లేని మాసము లేదు. రంజాను సాయంకాలములయందు చార్మినారు పరిసరములలో హలీము బట్టీలు పొగలు గ్రక్కును. పెండ్లిండ్లలో బిరియానీ, క్రిస్మసునకు మన యిండ్లలో పిండివంటలు. అట్టి యూరిలో "నేను దీనిని తినగూడదు" అని చెప్పవలసివచ్చిన బాలుని స్థితి యెట్టిదో నాకు నిరుడు మాత్రమే తెలిసినది.

ఒక విందులో నా తరగతి విద్యార్థి యొకడు హలీము గిన్నెను ప్రక్కకు జరుపగా, "ఒక్క చెంచా తిన్న నేమగును? పెట్టినవారి మనస్సు నొప్పింతువా?" అని మందలించితిని. వాడు తలవంచుకొని తినెను. తరువాత నాలుగు దినములు బడికి రాలేదు. వాని తల్లి వచ్చి, కోపింపక, వానికి సీలియాక్ వ్యాధి కలదని చెప్పెను.

గోధుమ, యవలు, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు గలదు. తడిపిన పిండి సాగుట దీనివలననే. ఇది కడుపులోనికి పోయినచో ఈ వ్యాధిగలవారి దేహము తన చిన్నప్రేవులనే గాయపఱచుకొనును. ఆహారసారమును పీల్చెడి చూషకములు అణగిపోవును. అందుచే విరేచనములు, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల లోపము కలుగును. జీవితాంతము గ్లూటెను మానుటయే చికిత్స. గోధుమను ముందే శంకించిన హాలెండు శిశువైద్యుడు విల్లెం డిక్కె, 1944–45 కఱవు చలికాలమున రొట్టె దొరకనప్పుడు ఇట్టి శిశువులు కోలుకొనుట చూచి, 1950లో తన సిద్ధాంతగ్రంథమున ఈ సంగతిని వెల్లడించెను. "గ్లూటెన్ లేనిది" అని అమ్ము పదార్థమున కిలోగ్రామునకు 20 మిల్లీగ్రాములకు మించి అది యుండరాదని మన దేశపు నియమము. ఇక నేను తినిపించిన చెంచా యెంతటిదో లెక్కింపుడు!

2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీములో గోధుమలు మాంసముతో నలిగి కంటికి కానరావు. లుఖ్మీ, షీర్మాల్, నాన్ మైదావి. డబుల్ కా మీఠా రొట్టెది. బిరియానీ బియ్యముదే గదా యందురేమో. దమ్మునకు మూత చుట్టు అంటించునది తఱచుగా గోధుమపిండియే! మూత తీయునప్పుడు దాని పెళ్లలు అన్నములో రాలును. బజారు ఇంగువలో తఱచుగా గోధుమపిండి కలియును గనుక సాంబారును, పులిహోరను సైతము అడిగియే తినవలెను. అరిసెలు, సకినాలు బియ్యపుపిండివే యైనను, సమోసాలు వేచిన నూనెలో వేచినచో పనికిరావు.

కావున పిలిచినవారికి ముందునాడే తెలుపవలెను. బిరియానీ దేగిసా మూతకు పిండికి మాఱుగా తడిగుడ్డ చుట్టుమని కోరవచ్చును. వానికి అందఱికంటె ముందు, నాన్ ముట్టని గరిటెతో వడ్డింపవలెను. కలిసిన దానిని ఏఱివేసి పెట్టుట చాలదు. వంట సంగతి తెలియనిచోట ఇంటిలో భుజించి వెళ్లి, పండ్లు తిని కూర్చుండుట అమర్యాద కాదు. ప్రభురాత్రి భోజనపు రొట్టెను గూర్చి పాస్టరుగారితో ముందుగా మాటలాడుట మంచిది. సంఘమును బట్టి పద్ధతి వేఱు.

మొన్నటి క్రిస్మసు విందున అన్నపు గిన్నెలో వేఱు గరిటె నుంచితిమి. దాని పిడికి ఎఱ్ఱదారము కట్టినవారు వాని తరగతి పిల్లలే.