మునిగిన ఊరి కథ

పల్నాడు జిల్లాలో కృష్ణానదికి దక్షిణమున బెల్లంకొండ యను గ్రామము కలదు. ఊరికి చేరువనున్న కొండపై ప్రాచీన దుర్గమొకటి శిథిలమై నిలిచియున్నది. 1515వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గైకొన్న దుర్గములలో నిదియు నొకటి. దుర్గమును నేటికిని కన్నులార చూడవచ్చును. కాని ఈ మండలమునకే చెందిన మరియొక ప్రసిద్ధ స్థలము నేడు చూడబోయినను సాధారణముగా కానరాదు. అది కొల్లూరు. ఒకప్పుడు లోకమునకు వజ్రముల నిచ్చిన ఆ గ్రామము పులిచింతల జలాశయపు ముంపులో చేరినది. 2013 డిసెంబరులో ఆ జలాశయము జాతికి అంకితమైనది. దానివలన కృష్ణా డెల్టా పొలములకు నీటి భరోసా కలిగినది. ముంపు గ్రామముల ప్రజలు మాత్రము పుట్టిన ఇండ్లను విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయిరి.

కంటికి కానరాని ఊరిని గూర్చి విద్యార్థులు ప్రాజెక్టు చేయుట యెట్లు? పూర్వమైనచో అట్టపై నాలుగు బొమ్మలంటించి, క్రింద నాలుగు వాక్యములు వ్రాసి గోడకు వ్రేలాడదీసెడివారు. నేడు తరగతిలో ఒక కంప్యూటరును అంతర్జాలమును ఉన్నచో మరింత చేయవచ్చును. బెల్లంకొండలో ఎనిమిదవ తరగతి పిల్లలు నలుగురు ఈ పనికి పూనుకొనిరని ఊహింపుడు.

మొదటి బాలిక పటమును చేపట్టినది. గూగుల్ ఎర్త్ అను సాధనము భూమిని ఆకాశమునుండి చూపును. పూర్వపు సంవత్సరములలో తీసిన ఉపగ్రహ చిత్రములను కూడ చూపును. జలాశయము నిండకముందు తీసిన చిత్రమును, నిండిన తరువాతి చిత్రమును ఆమె ప్రక్కప్రక్కన నిలిపినది. ఒకదానిలో నేల, మరియొకదానిలో నీరు.

రెండవ బాలుడు కాలక్రమమును కూర్చెను. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన నైట్ ల్యాబ్ వారు ఇందులకై టైమ్‌లైన్ జేఎస్ అను ఉచిత సాధనమును నిర్మించిరి. పట్టికలో సంవత్సరము, సంఘటన, చిత్రము పూరించినచో అది వాటిని వరుసగా తెరపై నడిపించును. టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దమున కొల్లూరు గనిని దర్శించి, అచ్చట పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి దాదాపు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు త్రవ్వుదురనియు, స్త్రీలును పిల్లలును మన్ను మోయుదురనియు తెలిపెను. ఆతని గ్రంథము 1676లో వెలువడెను. ఆతడు ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి అమ్మిన నీలి వజ్రము కొల్లూరిదై యుండునని పండితులు భావింతురు. దానినుండి చెక్కబడిన హోప్ వజ్రము 1958 నుండి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థలో నున్నది.

మూడవ బాలిక ఒక పునరావాస కాలనీకి పోయి, ముంపు గ్రామమునుండి వచ్చిన వృద్ధుని అనుమతి గైకొని, ఆయన మాటలను ఫోనులో ధ్వనిముద్రణ చేసినది. రావిచెట్టు ఎచ్చట నుండెడిదో, పెండ్లి ఊరేగింపు ఏ వీధిన సాగెడిదో ఆయన చెప్పెను. ఆ సంగతులు ఏ వెబ్‌సైటులోను లేవు. “మా ఊరి సంగతి అడుగుటకు ఇన్నాళ్లకు వచ్చినదానవు నీవేనమ్మా!” అని ఆయన కన్నులు తుడుచుకొనెను.

నాలుగవ బాలుడు కాన్వా అను సాధనముతో ముఖపత్రమును తీర్చిదిద్దెను. దానిపై పెద్ద అక్షరములతో “కోహినూరు పుట్టినిల్లు కొల్లూరు” అని వ్రాసెను. దాని క్రింద, కృత్రిమ మేధతో గీయించిన గని చిత్రమును నిలిపెను. తోటివారు చప్పట్లు కొట్టిరి.

ఉపాధ్యాయుడు చూచి, “నాయనా, దీనికి ఆధారమేమి?” అని అడిగెను.

“మాస్టారూ, పది చోట్ల ఇట్లే యున్నది.”

“ఆ పదిమందియు ఒకరిని చూచి ఒకరు వ్రాసియుండినచో, సాక్షులు పదిమందియా, ఒక్కడా?”

బాలుడు మరల వెదకెను. కోహినూరు కొల్లూరిదని పలువురు నమ్ముదురు. కాని అది ఎప్పుడు, ఎచ్చట దొరకెనో నిశ్చయముగా తెలుపు ఆనాటి లేఖనము లేదు. చక్కని శీర్షికను తుడిచివేయుటకు ఆతనికి మనసొప్పలేదు. “ఇది తీసివేసినచో మన ప్రాజెక్టును ఎవరు చూతురు?” అనెను. అప్పుడు మూడవ బాలిక, “మనము అబద్ధము వ్రాసినట్లు తెలిసినచో, తాతయ్య చెప్పిన నిజమును కూడ ఎవరును నమ్మరు గదా!” అనెను. ఆతడు మారు పలుకక శీర్షికను మార్చెను: “కొల్లూరు: తెలిసినది, నమ్మునది”. గని చిత్రము క్రింద “ఇది ఊహాచిత్రము” అని చేర్చెను. ఇతరుల ఛాయాచిత్రములను వాడినచోట తీసినవారి పేర్లు వ్రాసెను. ఉపాధ్యాయుని సలహాపై, వృద్ధుని చిరునామాను, తమ ఫోను నంబర్లను ఎచ్చటను ఉంచలేదు.

సాధనము రంగు నద్దగలదు, వరుస కూర్పగలదు, క్షణములో లోకమునకు చూపగలదు. కాని ఏది నిజమో, ఏది వినికిడియో అది నిర్ణయింపజాలదు. వృద్ధుని గుమ్మము త్రొక్కి ఆయన మాట వినజాలదు. ఆ రెండు పనులును విద్యార్థివే. అవి చక్కగా నెరవేరిననాడు, నీటిలో మునిగిన ఊరు సయితము ముందు తరములవారికి తెలియును.