తొట్రుపాటు – నిలదొక్కుకోవడం

‘కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోలేము’ అని మన పెద్దల మాట. ఈ సామెతలో రెండవ భాగాన్నే మనం విచారిస్తాం. మొదటి భాగాన్ని సులభమని భావించి విడిచిపెడతాం. కాని తడబడిన కాలిని తిరిగి నిలుపుకోవడం సామాన్యమైన పని కాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన మాగాణి సీమలు. సార్వా నాట్ల వేళ ఇక్కడి వ్యవసాయ కూలీలు తలపై నారుకట్టలతో సన్నని పొలం గట్ల మీద నడిచిపోతూ ఉంటారు. గడ్డిదుబ్బుకో, మట్టిపెళ్లకో పాదం తగులుతుంది. పాదం ఆగిపోయినా, దేహం వెనుకటి వేగంతో ముందుకే సాగుతుంది. అదే తొట్రుపాటు. అయినా వారిలో చాలామంది పడిపోరు. ఇదెట్లు సాధ్యం?

ఆలోచనకు ముందే అవయవాలు పనికి పూనుకుంటాయి. లోచెవిలోని మూడు అర్ధవర్తుల కుల్యలు తల కదలికను, కండరాలలోను కీళ్లలోను ఉన్న నాడులు అవయవాల స్థితిని, కన్నులు పరిసరాలను తెలియజేస్తాయి. వెన్నుపాము, మెదడు సెకనులో సుమారు పదోవంతు కాలంలోనే కండరాలను ప్రేరేపిస్తాయి. పాదం నేలను విడిచిన వెంటనే అడ్డంకి తగిలితే, ఆ పాదమే మరింత పైకి లేచి దానిని దాటుతుంది. అడుగు పూర్తి కావచ్చే వేళ తగిలితే, ఆ పాదం వెంటనే నేలకు దిగుతుంది. రెండవ పాదం అడ్డంకిని దాటి ముందుకు పోతుంది. నేలపై ఆనిన కాలు మొండెం ముందుకు ఒరగకుండా అదుపు చేస్తుంది. చేతులు చాచుకొని సమతుల్యానికి తోడ్పడతాయి.

వార్ధక్యంలో కండరాల బలం, ప్రతిస్పందన వేగం తగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించిన అంచనా ప్రకారం, పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. వారిలో 60 ఏళ్లు దాటినవారే అధికం. అట్లని, పడతారేమోనన్న భయంతో ఇంటి పెద్దలను మంచానికే పరిమితం చేస్తే ఉన్న బలమూ సన్నగిల్లుతుంది. వైద్యుల సలహాతో నిత్యం నడవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఆసరా చెంత ఒంటికాలిపై నిలవడం వంటి అభ్యాసాలు వారికి మేలు చేస్తాయి. నడవలో తడి లేకుండా, మెట్ల వద్ద వెలుతురు ఉండేట్లు చూడడం, సాయంకాలం వారి వెంట నాలుగడుగులు వేయడం యువతరం కర్తవ్యం.

తడబడని పాదం లోకంలో లేదు. తడబడిన పాదాన్ని ఆదుకొనేది మరుసటి అడుగే. ఆ అడుగు వేసే శక్తిని చివరివరకు కాపాడుకోవడమే ఆరోగ్యం.

ప్రశ్నలు
1. తొట్రుపడిన మనిషిని శరీరం ఏ విధంగా నిలబెడుతుంది?
2. వృద్ధులను మంచానికే పరిమితం చేయడం ఎందుకు తగదు?