గంపెడు బిడ్డల యింట పొదుపు

ఖర్చు తగ్గించుట, పొదుపు చేయుట యను రెండు మాటలను మనవారు ఒకే యర్థమున వాడుచుందురు. అయిదారుగురు బిడ్డలు గల యింట ఈ భేదమును గుర్తింపకపోవుటవలన చాల కీడు కలుగుచున్నది. రాబడి చాలనప్పుడు అట్టి యిండ్లలో మొదట తగ్గునది తల్లి భోజనము. తరువాత పెద్దకూతురి చదువు. జూన్ నెలలో తొమ్మిదవ తరగతి హాజరుపట్టీ విప్పినప్పుడు క్రిందటి యేటి పేర్లు కొన్ని కనబడవు. విచారించినచో, చెల్లెండ్రను చూచుకొనుటకు ఇంట నిలిపితిమని తలిదండ్రులు చెప్పుదురు. ఇది పొదుపు కాదని మా యభిప్రాయము. సొమ్ము నిజముగా నెచ్చట కారిపోవుచున్నదో చూపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన గ్రామములలో "నూటికి రెండు రూపాయల వడ్డీ" యను మాట చెవికి మిక్కిలి తేలికగా తోచును. అది నెలకు రెండు, ఏడాదికి ఇరువదినాలుగు అని నోటు వ్రాయునప్పుడు తలంచువారు అరుదు. 10,000 రూపాయల అప్పునకు నెలకు 200, సంవత్సరమునకు 2,400 రూపాయలు పోవును. అసలు మాత్రము తరుగదు. నాలుగేండ్ల రెండు నెలలకు, కట్టిన వడ్డీయే అసలంత యగును. మన దేశమున 1882లో ఆరంభమైన తపాలా పొదుపు బ్యాంకు చిన్న మొత్తములను దాచుకొనుటకు మంచి చోటే. అచ్చట నూటికి 4 వంతున 10,000 రూపాయలకు ఏడాదికి వచ్చునది సుమారు 400. ఒక చేత అప్పు నుంచుకొని వేరొక చేత ఆ ఖాతాలో సొమ్ము దాచువాడు 400 తెచ్చుకొని 2,400 పోగొట్టుకొనుచున్నాడు. కావున అప్పున్న యింట అప్పు తీర్చుటయే మొదటి పొదుపు. అయితే ఉన్నదంతయు ఊడ్చి అప్పునకు కట్టుటయు మంచిది కాదు. బిడ్డకు జ్వరము వచ్చిననాడు మరల అదే సావుకారు గుమ్మ మెక్కవలసివచ్చును. ఒక నెల బియ్యమునకు సరిపడు రొక్కము ఖాతాలో నుంచుకొని, తక్కినది అసలునకు జమకట్టించి, నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలెను.

మిరపకాయలు, చింతపండు వేసవి మొదట క్రొత్తగా వచ్చును. అప్పుడే ఏడాదికి సరిపడ కొనుట మన అవ్వల నాటి అలవాటు. రొక్కము లేక పావుకిలో చొప్పున కొనువాడు హెచ్చు ధర యిచ్చుచున్నాడు. ఇరుగుపొరుగువారు ఇద్దరు ముగ్గురు కలిసి బస్తా కొని పంచుకొనుట మేలు. అప్పు తెచ్చి మాత్రము నిలువసరకు కొనరాదు. పెద్ద పొట్లమే యెల్లప్పుడును చౌక యనియు నమ్మరాదు. షాంపూ వంటివి చిన్న పొట్లములలోనే చౌకగా దొరకుట కలదు. ఆరవ తరగతి బాలుడు గ్రామునకు ఎంత పడునో అంగడిలోనే లెక్కింపగలడు, లెక్కింపనిండు.

పెద్ద కుటుంబమునకు మనిషిలెక్కన వచ్చునది యొకటి కలదు. 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము ప్రాధాన్య కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ఆహారధాన్యములు చెందును. కడపటి బిడ్డలిద్దరి పేర్లు కార్డున ఎక్కింపనిచో ఏడాదికి 120 కిలోలు పోయినట్లే. అర్జీ వ్రాయుట మన పై తరగతి విద్యార్థులకు రాని పని కాదు.

ఇక పద్దుపుస్తకము. దీనిని బడికి వచ్చు పెద్దకూతురు వ్రాయుట మంచిది. అంకెలు ఆమెకు వచ్చును, ఆమె చదువు విలువ తండ్రికిని తెలియును. అందు ఉప్పు, పప్పులే గాక తండ్రిగారి టీ, బీడీలును ఎక్కవలెను. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. దినమునకు 30 రూపాయలైనచో ఏడాదికి 10,950 అగును. పైన చెప్పిన అప్పు అసలుకన్న నిది యెక్కువ.

బడి తెరచునప్పుడు అందరి బిడ్డల నోటుపుస్తకములు, చెప్పులు ఒక్కమారే మీద పడును. జనవరి మొదలు వారమునకు 100 రూపాయలు వేరుగా నొక డబ్బాలో వేసినచో జూన్ నాటికి 2,000 దాటును. ఆ డబ్బాను నడుమ తెరువరాదు. బంధువుల పెండ్లి చదివింపులకు అసలే కూడదు.