పాపపరిహారానికి రక్షకుడి దైవత్వం అవసరమా?

‘యేసు దేవుడు’ అన్నది ఒక విశ్వాసం. ‘ఆయన మరణం మానవుల పాపాలకు పరిహారం’ అన్నది మరో విశ్వాసం. క్రైస్తవ సోదరులు ఈ రెంటినీ ఎప్పుడూ కలిపే చెబుతారు గనుక రెండూ ఒకటేనని మనవాళ్ళు అనుకుంటారు. ‘మనుషులందరి పాపాల మూల్యం చెల్లించడం దేవునికి తప్ప ఎవరికీ సాధ్యం కాదు, అందుకే దేవుడు మనిషిగా వచ్చాడు’ అన్న మాట మిషన్ పాఠశాలల్లో చదివే మన పిల్లలు కూడా వినే ఉంటారు. ఈ ‘అందుకే’ అన్న ముడి ఎక్కడ పడింది? క్రైస్తవ పండితులంతా దాన్ని ఒప్పుకున్నారా? ఈ నెల పాఠంలో పరిశీలిద్దాం.

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) శిలువ మరణాన్నే దివ్యఖుర్ఆన్ నిరాకరిస్తుందన్నది (నిసా సూరా, 157) పాఠకులకు తెలిసిందే. ఆ చర్చ వేరు. ఇక్కడ వారి మాటను వారి అర్థంలోనే చూద్దాం. ఎదుటివారి విశ్వాసాన్ని వంకరగా చెప్పి ఖండించడం న్యాయం కాదు.

4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రక్షకుడు దేవుడై ఉండాలన్నాడు. సృష్టించినవాడే చెడిపోయిన సృష్టిని తిరిగి నిలబెట్టగలడన్నది ఆయన కారణం. అప్పు, చెల్లింపు అనే భాషలో ఈ వాదాన్ని బిగించినవాడు మాత్రం కాంటర్బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్. 1098లో పూర్తిచేసిన ‘దేవుడు మనిషి ఎందుకయ్యాడు’ అనే గ్రంథంలో ఆయన తన శిష్యుడు బోసోతో సంభాషణగా దీన్ని నడిపాడు. తోటివాణ్ణి అవమానించిన తప్పు, ఊరిపెద్దను అవమానించిన తప్పు ఒకటి కావు కదా. అలాగే దేవుని గౌరవానికి భంగం కలిగించిన పాపానికి అంతులేదు. అప్పుపడింది మనిషి, కనుక మనిషే తీర్చాలి. అంత పెద్ద అప్పు తీర్చే స్తోమత దేవునికే ఉంది. కాబట్టి తీర్చేవాడు దేవుడూ మనిషీ రెండూ అయి ఉండాలి. వాదం చక్కగా అల్లినట్టే కనిపిస్తుంది.

కానీ చర్చి లోపలే దీనికి సడలింపు వచ్చింది. 1274లో మరణించిన థామస్ అక్వినాస్, పాపానికి సరితూగే పరిహారం కావాలంటే దేవుడు మనిషి కావలసిందేనని ఒప్పుకుంటూనే, ఏ పరిహారమూ తీసుకోకుండా క్షమించినా దేవుడు న్యాయం తప్పినట్టు కాదని రాశాడు. 1308లో మరణించిన డన్స్ స్కోటస్ ఇంకా ముందుకు వెళ్ళాడు. ఒక సత్కార్యానికి దేవుడు ఎంత విలువ కట్టి స్వీకరిస్తే అంతే దాని విలువ అన్నాడు. దేవుడు అలా నిర్ణయించి ఉంటే పాపమెరుగని ఒక మనిషో, ఒక దైవదూతో ఆ పని చేసినా సరిపోయేదని కూడా అన్నాడు. ఈ ఇద్దరూ త్రిత్వాన్ని నమ్మిన కాథలిక్ పండితులేనని గుర్తుంచుకోవాలి.

అసలు తుఫాను రేపినవాడు ఇటలీకి చెందిన ఫౌస్టస్ సోసినస్ (1539-1604). 1578లో రాసిన ‘రక్షకుడైన యేసుక్రీస్తు’ గ్రంథం 1594లో అచ్చయింది. ఆయన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. అప్పు పూర్తిగా వసూలైతే దాన్ని క్షమాపణ అని ఎలా అంటారు? క్షమించేస్తే ఇక వసూలు దేనికి? దైవస్వభావానికి బాధా మరణమూ ఉండవని మీరే అంటారు. మరి బాధపడింది మానవస్వభావమే అయినప్పుడు దానికి అంతులేని విలువ ఎక్కడిది? దైవత్వం వల్లనే ఆ విలువ వచ్చిందంటే కొద్దిపాటి బాధ చాలేది కదా, అంత ఘోరమైన మరణం ఎందుకు?

ఈ ప్రశ్నలకు ఆయన మూల్యం చెల్లించాడు. 1598లో పోలెండులోని క్రాకోవ్‌లో అల్లరిమూక జబ్బుతో ఉన్న ఆయన్ను ఇంట్లోంచి లాగి, పుస్తకాలు, కాగితాలు తగలబెట్టింది. ఆయన అనుచరుల కేంద్రమైన రాకోవ్ పట్టణంలోని పాఠశాలను, ముద్రణాలయాన్ని 1638లో మూసేశారు. 1658లో పోలెండు చట్టసభ వారికి దేశబహిష్కారం విధించింది. అయితే సోసినస్‌ను రహస్య ముస్లిముగా చిత్రించడం సరికాదు. యేసును దేవుడు కాదన్న ఆయనే యేసును ప్రార్థించవచ్చని గట్టిగా వాదించాడు. మనం ఒప్పుకోలేని మాట అది.

క్రైస్తవుల జవాబు కూడా వినాలి. హాలెండు న్యాయకోవిదుడు హ్యూగో గ్రోషియస్ 1617లో సోసినస్‌కు బదులిచ్చాడు. దేవుణ్ణి అప్పులవాడిలా చూడటమే తప్పని, ఆయన పాలకుడని, చట్టం గౌరవం నిలవాలంటే శిక్షను ఊరికే వదిలేయకూడదని ఆయన వాదం. ఇక బాధపడింది మానవస్వభావంలోనే అయినా, బాధపడిన వ్యక్తి ఒక్కడే, ఆ వ్యక్తి దేవుడు గనుకనే దానికి అంత విలువ అన్నది త్రిత్వవాదుల సాధారణ సమాధానం.

నేడు మన ఊళ్ళలో తెలుగు పత్రికలు పట్టుకుని ఇంటింటికీ వచ్చే యెహోవాసాక్షులు ఇంకో దారి పట్టారు. వారు పరిహారాన్ని నమ్ముతారు, యేసు దైవత్వాన్ని నమ్మరు. ఆదాము పోగొట్టింది ఒక పరిపూర్ణ మానవ ప్రాణం. దానికి సరిసమానమైన విమోచన క్రయధనం మరో పరిపూర్ణ మానవ ప్రాణమే. దేవుడే చనిపోతే త్రాసు సరితూగదు, అటే మొగ్గిపోతుంది అంటారు. అంటే ఆన్సెల్మ్ తూకాన్నే తీసుకుని సరిగ్గా వ్యతిరేకమైన తీర్పు చెబుతున్నారన్నమాట.

మనవాళ్ళకు ఒక హెచ్చరిక. వాదనలో ఆవేశపడి ‘ఇస్లాంలో చెల్లింపు అన్నదే లేదు’ అనకూడదు. ప్రమాణం తప్పితే పదిమంది పేదలకు అన్నం పెట్టే కఫ్ఫారా (మాయిదా, 89) ఉంది కదా! తోటివారి సొమ్ము తిన్నవాడు దాన్ని తిరిగివ్వకుండా తౌబా చేస్తే సరిపోదు. మన దగ్గర చెల్లించేవాడు తప్పు చేసినవాడే. పాపభారం ఒకరి నుండి మరొకరికి బదిలీ కాదన్నదే ఖుర్ఆన్ బోధ (అన్ఆమ్, 164).

కనుక పొరుగింటి క్రైస్తవ సోదరుడు ‘దేవుడే చెల్లించాలి’ అన్నప్పుడు, ఊరికే క్షమించినా అన్యాయం కాదన్న అక్వినాస్ మాటను మర్యాదగా ఆయన ముందుంచవచ్చు. ఆయన గ్రోషియస్ జవాబు చెప్పవచ్చు. అప్పుడు చర్చ దైవత్వం నుంచి న్యాయం మీదికి మళ్ళుతుంది: ఒకరి శిక్ష మరొకరు అనుభవిస్తే చెల్లుతుందా? ఆ సంగతి వారి బైబిలులోనే యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయంలో వివరంగా ఉంది. ముందుగా దాన్ని చదువుకుని కూర్చోవడం మంచిది.